దేగ్‌లో రోకలిపోటు: హలీం పుట్టుపూర్వోత్తరాలు

రంజాన్ నెలలో ఎండ వాలేవేళ హైదరాబాదులో నయాపూల్ దాటి పాతబస్తీలోకి అడుగుపెడితే, కంటి కంటే ముందు చెవికే పని పడుతుంది. హోటళ్ల ముందు ఇటుకా మట్టీతో కట్టిన భట్టీలు, వాటిలో మెడదాకా దిగి కూర్చున్న దేగ్ అనే పెద్ద పాత్రలు, గట్టు మీద ఎదురెదురుగా నిలబడి పొడవాటి కర్ర ఘోట్నాలతో ఒకరి తర్వాత ఒకరు పోటు వేసే మనుషులు. మా అమ్మమ్మ ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో వడ్లు దంచేవాళ్లు. రెండు రోకళ్లూ ఒకదానికొకటి తగలకుండా పడేవి. అదే లయ ఇక్కడా వినబడుతుంది. హలీం పుట్టుక వెతకాలంటే ఈ పోటు దగ్గరే మొదలుపెట్టాలి. ఆ వంటకానికి తొలిపేరు పెట్టింది ఇదే.

అరబ్బీలో ‘హరస’ అంటే దంచు, నలగ్గొట్టు. అందులోంచి వచ్చిందే హరీస్, హరీసా. గోధుమ, మాంసం, నీళ్లు, ఉప్పు, రాత్రంతా సన్నని సెగ, ఆపైన మనిషి భుజబలం. మూలం ఇంతే. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలోనే దీని తయారీ ఉంది. అక్కడి నుంచి అది ఎటు నడిచినా ఇంటిపేరు మార్చుకుంది కానీ ఒళ్లు మార్చుకోలేదు. ఆర్మేనియాలో హరీసా. శ్రీనగర్‌లో చలికాలపు పొద్దుటి పలహారంగా హరీసా. ఇరాన్‌లో చక్కెర, దాల్చిన చెక్క పొడి చల్లుకుని ఉదయాన్నే తినే హలీమ్. టర్కీలో కేష్కెక్.

ఈ కేష్కెక్ గురించి కాస్త ఆగి చెప్పాలి. అనతోలియా పల్లెల్లో అది పెళ్లివంట. ముందురోజే గోధుమను రాతి రోటి దగ్గరికి ఊరేగింపుగా తీసుకెళ్తారు. వెంట దావుల్, జుర్నా వాయిద్యాలు మోగుతాయి. అవి మన డోలు సన్నాయిలకు వరుసకు అన్నదమ్ములే. దువా చదివి, కర్ర సమ్మెటలతో కొందరు కలిసి దంచుతారు. మన పెళ్లిళ్లలో ముత్తయిదువలు పసుపు దంచే తంతు చూసినవాళ్లకు ఇది వేరే దేశపు ఆచారంలా తోచదు. 2011లో యునెస్కో ఈ కేష్కెక్ సంప్రదాయాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2023లో అరబ్బు దేశాల హరీస్ కూడా అదే జాబితాకెక్కింది.

మళ్లీ మన పాతబస్తీకి వద్దాం. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడిస్తే రెండువైపులా పత్తర్‌గట్టి రాతి కమానులు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తాక, మళ్లీ కట్టుకున్న నగరంలో భాగంగా లేచిన బజారు ఇది. ఆపైన గుల్జార్ హౌజ్, చార్ కమాన్, అటు తర్వాత 1591 నాటి చార్మినార్. ఈ దారి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను త్వరగానే దాటుతున్నాను. ఒక్క సంగతి మాత్రం వదలలేను. ఈ నగరాన్ని నిలబెట్టిన కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చాడు. ఆయన వంశం కారా కొయున్లు అనే తుర్క్‌మెన్ తెగది. ఆ పేరుకు ‘నల్లగొర్రెల వాళ్లు’ అని అర్థం. ఒకప్పుడు ఆ తెగ ఏలుబడి ఇప్పటి టర్కీలోని వాన్ సరస్సు ఒడ్డుదాకా ఉండేది. అంటే, కేష్కెక్ వండే నేలకూ చార్మినార్ నీడకూ చుట్టరికం పాతదే.

ఆ చుట్టరికం ఆధునిక కాలంలోనూ కలిసింది. పురానీ హవేలీ దగ్గర దుర్రు షెహవార్ పేరు మీద పిల్లల ఆసుపత్రి ఉంది. ఆమె చివరి ఒట్టోమాన్ ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జాను పెళ్లాడి హైదరాబాదు కోడలైంది. పదేళ్ల వయసులో సొంతగడ్డ విడవాల్సి వచ్చిన ఆ అమ్మాయి, ఈ వీధుల్లోని దేగ్ ముందు నిలబడి ఉంటే తన దేశపు పెళ్లివంటను పోల్చుకునేదేమో. ఆ ఆసుపత్రి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఈ ఊహే వస్తుంది.

మన దేశంలో ఈ వంట జాడ కాగితం మీద స్పష్టంగా కనిపించేది అబుల్ ఫజల్ రాసిన ‘ఐన్-ఇ-అక్బరీ’లో. పదహారో శతాబ్దపు మొఘల్ వంటశాల లెక్కల్లో హరీసా, కష్క్, హలీం వరుసగా వస్తాయి. కష్క్ అనే మాట చూడగానే టర్కీ కేష్కెక్ గుర్తుకు రాకమానదు. హరీసాకు 10 సేర్ల మాంసం, 5 సేర్ల దంచిన గోధుమ, 2 సేర్ల నెయ్యి, అర సేరు ఉప్పు, 2 దాముల దాల్చిన చెక్క. హలీంలో వీటికి తోడు శనగలు, కుంకుమపువ్వు, ముల్లంగి జాతి దుంపలు, క్యారెట్, పాలకూర కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఈ లెక్క పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దేశంలో ఆ గుర్తింపు దక్కిన మొదటి మాంసాహార వంటకం ఇదే. షాలిబండలోని పిస్తాహౌస్ హోటల్ చొరవ తీసుకుని, తయారీదారుల సంఘం తరఫున సాధించుకున్న గుర్తింపు అది. దాని నిబంధనల ప్రకారం 10 పాళ్ల మేకమాంసానికి 4 పాళ్ల గోధుమ ఉండాలి. కట్టెల మంట మీద, రాగిపాత్రలో, దాదాపు 12 గంటలు వండాలి. అక్బరు లెక్క పదికి అయిదు, మన లెక్క పదికి నాలుగు. నాలుగు వందల ఏళ్లు గడిచినా, రాజ్యాలు పోయినా, కొలత మాత్రం ఒక్క పాలే జరిగింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన విషయం ఇది.

అయితే హైదరాబాదుకు ఈ వంట ఢిల్లీ దారిలో రాలేదు, సముద్రం మీదుగా వచ్చిందని పాతబస్తీ నమ్మకం. దానికి సాక్ష్యం చూడాలంటే చార్మినార్ నుంచి దక్షిణంగా చాంద్రాయణగుట్ట దాటి బర్కస్ వెళ్లాలి. నిజాముల కొలువులో సిపాయిలుగా చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ అది. వాళ్ల బ్యారక్స్ జనం నోట్లో నలిగి బర్కస్ అయింది. వాళ్లను నగరం ‘చావుష్’లు అంటుంది. ఆ మాట టర్కిష్‌ది, ఒట్టోమాన్ సైన్యంలో ఒక హోదా పేరు. హద్రమౌత్‌లో రాజ్యం ఏలిన అల్ కుఐతీ వంశం వాళ్లు ఇక్కడ నిజాం జమాదార్లుగానూ ఉన్నారు. ఆ వంశానికి చెందిన సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్, ఏడో నిజాం కాలంలో తన విందుల్లో హరీస్ వడ్డించి దాన్ని నగర ప్రముఖుల నోటికి అలవాటు చేశాడని చెబుతారు.

ఇంటి విందుల నుంచి హోటల్ బల్ల మీదికి అది 1950లలో దిగింది. మదీనా చౌరస్తాలో 1947లో మొదలైన మదీనా హోటల్‌కే ఆ ఖ్యాతి దక్కుతుంది. అరబ్బుల వంటకు ఇరానీ హోటల్ వేదికైంది. అసలు మార్పు ఇక్కడే జరిగింది. హరీస్ తెల్లగా, మెత్తగా, నెమ్మదిగా ఉండే తిండి. దక్కను నాలుకకు అది చాలలేదు. అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, షాజీరా, యాలకులు, పప్పులు, చలవ మిరియాలు వచ్చి చేరాయి. చలవ మిరియాలను ఇక్కడ కబాబ్‌చీనీ అంటారు. నా లెక్కలో హలీంకు ఆ వెనకరుచి ఇచ్చేది అవే. పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మబద్ద, ఒక గరిటె కాగిన నెయ్యి. పేరు కూడా హలీం అనే స్థిరపడింది. అరబ్బీలో హలీం అంటే ఓర్పు గలవాడు. పాతపేరు పోటు గురించి చెబితే, కొత్తపేరు పొయ్యి ముందు కూర్చున్నవాడి గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

ఆ ఓర్పు ఎంతో ఒకసారి షాలిబండ దారిలో ఒక భట్టీ దగ్గర నిలబడి చూశాను. తెల్లవారకముందే గోధుమ ఒక దేగ్‌లో, మాంసం మరో దేగ్‌లో ఎక్కుతాయి. ఎముక నుంచి మాంసం జారిపోయాక ఎముకలు ఏరేస్తారు. రెండూ కలిపాక దంచుడు మొదలవుతుంది. మధ్యాహ్నానికి గోధుమ ఏదో మాంసం ఏదో వేలికి తెలియకుండా పోయి, గరిటె ఎత్తితే తీగ సాగుతుంది. “తీగ రాకపోతే అది హలీం కాదన్నా, దలియా,” అన్నాడు ఘోట్నా పట్టుకున్న కుర్రాడు చెమట తుడుచుకుంటూ. అతనూ రోజా ఉన్నాడు. పొద్దంతా ఆ ఆవిరిలో నిలబడి, రుచి చూడకుండానే, వాసన పట్టి ఉప్పు చెబుతున్నాడు. మగ్రిబ్ అజాన్ వినగానే ఘోట్నా పక్కన పెట్టి ఒక ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. అప్పటికే ఎదురుగా గిన్నెలు పట్టుకుని వీధంతా వరుస కట్టింది. అందులో ముస్లింలెంతమందో, బోనాలెత్తే ఇళ్ల వాళ్లూ అంతమంది.

రంజాన్ దాటాక ఒకరోజు పొద్దున్నే బర్కస్ వెళ్లాను. లుంగీల దుకాణాలు ఇంకా తెరవలేదు, జామకాయల బండి అప్పుడే సర్దుతున్నారు. ఇక్కడ హరీస్‌కు రంజాన్ కోసం ఎదురుచూడక్కర్లేదు. “మీఠా వెయ్యాలా, ఖారా వెయ్యాలా?” అని అడిగాడు దుకాణం పెద్దాయన. మీఠాలో చక్కెర, నెయ్యి. ఖారాలో ఉప్పు, నెయ్యి. మసాలా లేదు, ఉల్లి లేదు, నిమ్మబద్ద లేదు. రెండూ కొంచెం కొంచెం పెట్టించుకున్నాను. మొదటి ముద్ద చప్పగా అనిపించింది. మూడో ముద్దకి గోధుమ తీపి తెలిసింది, దాని కింద మాంసం. ఆ రంజాన్ సాయంత్రం తిన్న మసాలాలన్నిటి అడుగునా ఉన్నది ఇదే.

గిన్నె ఖాళీ అయ్యేసరికి, వెనక గదిలో ఎవరో మరుసటి రోజుకు గోధుమ నానబోస్తున్నారు.