మొదటి పిస్టల్ ఏది? షూటింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు

2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు గెలిచింది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చింది. ఇవి చూసి మీ పిల్లలు "నాకూ పిస్టల్ కొనివ్వండి" అంటే భయపడి కసరకండి, వెంటనే కొనకండి కూడా. ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

చట్టం ఏమంటుంది?

గుండు పేలే ఏ పిస్టల్‌కైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సు రాదు. ఫ్యాక్షన్ చూసిన మన సీమలో నాటు తుపాకీ "చవగ్గా ఇప్పిస్తా" అనేవాడు ఎదురైతే దూరం జరగండి. లైసెన్సు లేని తుపాకీ దొరికితే 2 నుంచి 5 ఏళ్ల జైలు. లైసెన్సు ఉన్నా, పెళ్లి బరాత్‌లో సరదాకి గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే 2 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు.

మొదటిది ఎయిర్ పిస్టలే

4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జూళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీ దీంతోనే. ఒంటి చేత్తో, నిలబడి, 60 గుండ్లు కాల్చాలి. పదో నంబరు వలయం వెడల్పు 11.5 మిల్లీమీటర్లే!

ఏం చూడాలి?

• పట్టు: చేతికి సరిగ్గా కుదరాలి. ఎడమచేతి వాళ్లకు వేరే పిడి ఉంటుంది.
• బరువు: పోటీలో 1,500 గ్రాములు దాటకూడదు. చిన్నపిల్లలకు తేలికైనదే మేలు.
• ట్రిగ్గర్: కనీసం 500 గ్రాముల బరువు లాగేలా ఉండాలి.
• సిలిండర్: పాతది కొంటే దాని మీద గడువు తేదీ తప్పక చూడండి.

స్టెయర్, మొరిని, వాల్థర్, పార్డిని లాంటి విదేశీ రకాలు చాలా ఖరీదు. అందుకే మొదట్లో రేంజ్‌లో ఉన్న పిస్టల్‌తోనే కొన్నాళ్లు నేర్పించి, కోచ్‌ను అడిగాకే కొనండి. మనకు హైదరాబాద్ గచ్చిబౌలిలో రేంజ్ ఉంది. కాలేజీ పిల్లలు ఎన్‌సీసీలో చేరితే .22 రైఫిల్‌తో తుపాకీ క్రమశిక్షణ అలవాటవుతుంది.

ఇంట్లో జాగ్రత్త

ఎయిర్ పిస్టల్ బొమ్మ కాదు, కన్ను పోగొడుతుంది. బీరువాలో తాళం వేసి, గుండ్లు వేరేచోట దాచండి. ఖాళీగా ఉన్నా మనిషి వైపు గురిపెట్టకూడదు. బిల్లు భద్రంగా పెట్టుకోండి. రేంజ్‌కు తీసుకెళ్లేటప్పుడు పెట్టెలోనే ఉంచండి. ఈ నియమాలు పాటించే ఓపిక పిల్లాడిలో కనిపించిన రోజే కొనే మాట ఎత్తండి.