జ్వరాల గడిలో కలిసిపోయిన మరణాలు

1918లో ఇన్‌ఫ్లుయెంజా మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలను చుట్టుముట్టినప్పుడు, పల్లెలలో చావుల లెక్క రాసే బాధ్యత గ్రామ మునసబుది. ఆయన ఎదుట ఉన్న రిజిస్టరులో మరణ కారణాలకు కేటాయించిన వర్గాలు కొన్నే: కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, శ్వాసకోశ వ్యాధులు, గాయాలు, ఇతరాలు. ఒళ్ళు కాలిపోతూ, ఊపిరాడక నాలుగైదు రోజులలో కన్నుమూసిన మనిషిని ఎక్కడ చేర్చాలి? అత్యధికులు ‘జ్వరాల’ గడిలోకే వెళ్ళారు. మలేరియా, టైఫాయిడ్ మృతులు ఏళ్ళ తరబడి చేరుతూ వచ్చిన గడి కూడా అదే.

ఈ కారణంగా భారతదేశంలో ఆనాటి ఇన్‌ఫ్లుయెంజా మృతుల సంఖ్యను ఎవరూ నేరుగా లెక్కించలేకపోయారు. మామూలు సంవత్సరాలలో జ్వరాల కింద, శ్వాసకోశ వ్యాధుల కింద ఎందరు చనిపోయేవారో చూసి, 1918లో అంతకు మించినవారిని ఈ వ్యాధి ఖాతాలో వేశారు. శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ తొలి అంచనా సుమారు 60 లక్షలు. తరువాతి పరిశోధకుల అంచనాలు 1.2 కోట్ల నుండి 2 కోట్ల వరకు సాగాయి. ఒకే దేశంలో, ఒకే వ్యాధి విషయంలో ఇంత తేడా రావడానికి మూలం పల్లె రిజిస్టరులోనే ఉంది.

వ్యాధుల పేర్లకు కొలమానం లేకపోతే లెక్కలకు విలువ ఉండదని అంతకు ఎనభై ఏళ్ళ ముందే గుర్తించినవాడు విలియం ఫార్. 1839లో ఇంగ్లండు జనన మరణ నమోదు కార్యాలయంలో చేరిన ఈ వైద్యుడు, ఒకే జబ్బును మూడు నాలుగు పేర్లతో, ఒకే పేరును పలు జబ్బులకు వాడుతున్నారని ఎత్తిచూపాడు. భౌతిక శాస్త్రాలకు తూనికలు, కొలతలు ఎంత ముఖ్యమో వైద్య గణాంకాలకు వ్యాధి నామాలు అంత ముఖ్యమని వాదించాడు. 1893లో షికాగోలో సమావేశమైన అంతర్జాతీయ గణాంక సంస్థ, పారిస్ నగర గణాంకాధికారి జాక్ బెర్తియాఁ కూర్చిన మరణ కారణాల పట్టికను ఆమోదించింది. నేటి అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణకు అదే పునాది. 1948 నాటి ఆరవ సవరణతో దాని బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది. మరణాలతో పాటు బతికి ఉన్నవారి రోగాలూ అప్పుడే అందులో చేరాయి.

పట్టిక ఎంత చక్కగా ఉన్నా, ఆనాటి విజ్ఞానాన్ని మించి చెప్పలేదు. 1918లో చాలామంది వైద్యులు ఇన్‌ఫ్లుయెంజాకు కారణం 1892లో ఫైఫర్ వర్ణించిన బాక్టీరియా అనే నమ్మేవారు. మనుషులలో ఆ వ్యాధిని కలిగించే వైరస్‌ను లండన్ పరిశోధకులు వేరుచేసింది 1933లో. ఈ అనుభవం పదవ సవరణలో స్పష్టంగా కనిపిస్తుంది. అందులో జె10 అంటే వైరస్‌ను గుర్తించిన ఇన్‌ఫ్లుయెంజా. జె11 అంటే వైరస్‌ను గుర్తించని ఇన్‌ఫ్లుయెంజా. ఏ వైరస్ అన్నదీ, ఒంటిలో ఎక్కడ అన్నదీ తేలనప్పుడు బి34.9. తెలిసినదాన్ని, తెలియనిదాన్ని విడివిడిగా రాయడానికి చోటు కల్పించడమే వీటి ప్రయోజనం. మునసబు రిజిస్టరులో లోపించినది ఈ చోటే.

2020లో అదే సమస్య మళ్ళీ తలెత్తింది. పరీక్షలో వైరస్ నిర్ధారణ అయిన కోవిడ్‌కు యు07.1, వైద్యుడు లక్షణాలను బట్టి గుర్తించినా పరీక్షలో తేలని, లేదా పరీక్షే అందని కోవిడ్‌కు యు07.2 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు సంకేతాలను ఏర్పరచింది. భారతీయ వైద్య పరిశోధన మండలి మరణ నమోదు మార్గదర్శకాలలో రెంటికీ చోటిచ్చింది. అమెరికా రెండవదాన్ని స్వీకరించలేదు. అక్కడి ఆసుపత్రి రికార్డులలో ‘బహుశా కోవిడ్’ అని రాసిన రోగికి యు07.1 వేయకూడదు, దగ్గు, జ్వరం వంటి లక్షణాలకే సంకేతం వేయాలి. మరణ ధ్రువపత్రంలో మాత్రం ‘బహుశా’ అన్న మాటకు అనుమతి ఉంది. ఆ మరణం యు07.1 కిందనే చేరుతుంది. ఒకే రోగి, బతికి ఉండగా ఒక నియమం, చనిపోయాక మరో నియమం.

సంకేతాలు ఎన్ని ఉన్నా ధ్రువపత్రం రాసే వైద్యుడు లేనిచోట అవి పనికిరావు. భారతదేశంలో 2020లో నమోదైన మరణాలలో కారణాన్ని వైద్యులు ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. ధ్రువపత్రం ఉన్నప్పుడు కూడా ‘గుండె ఆగి మరణం’ అని రాసి ఊరుకుంటే దాని వెనుక ఉన్న న్యుమోనియా, ఆ న్యుమోనియాకు మూలమైన వైరస్ కాగితం మీదికి రావు. మరణించిన ప్రతివారి గుండే ఆగుతుంది. అడిగేది ఆ వరుసను మొదలుపెట్టిన వ్యాధిని.

ఆ వరుసలోని ఒక్క మాటకు 2021లో ధర కూడా ఏర్పడింది. సుప్రీంకోర్టు ఆదేశాల అనంతరం కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం నిర్ణయమైంది. పరీక్షలో నిర్ధారణ అయిన 30 రోజులలోగా సంభవించిన మరణాలను, ఆసుపత్రి బయట జరిగినా, కోవిడ్ మరణాలుగా గుర్తించాలని మార్గదర్శకాలు చెప్పాయి. పరీక్ష దొరకక ఇంటిలోనే పోయినవారి కుటుంబాల దగ్గర చూపడానికి కాగితం లేదు.

2021 ముగిసేనాటికి దేశంలో అధికారిక కోవిడ్ మరణాలు సుమారు 4.8 లక్షలు. 2020, 2021లలో అదనపు మరణాలు సుమారు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేయగా, భారత ప్రభుత్వం ఆ పద్ధతిని అంగీకరించలేదు. సంఖ్య మీద వివాదం ఎలా ఉన్నా, అదనపు మరణాల అంచనాకు ఆధారమైన సూత్రం నార్మన్ వైట్ నాడు వాడినదే: వచ్చినవాటిలోనుంచి రావలసినవాటిని తీసివేయడం. నూరేళ్ళ తరువాత, వైరస్ జన్యుక్రమం కొన్ని వారాలలోనే తెలిసిపోయిన కాలంలో కూడా మృతులను తీసివేతతో వెదకవలసి వచ్చింది. కారణం తెలియనప్పుడు తెలియదని, అనుమానం ఉన్నప్పుడు అనుమానమని, తెలిసినప్పుడు పేరుతో సహా రాసే వైద్యుని కలం ప్రతి మంచం దాకా చేరేవరకు ఈ తీసివేత తప్పదు.