రహస్య ఫైలు ఎవరికి తెరుచుకుంటుంది? కమిషన్లు, పోలీసు రికార్డులు, సీమలో ‘కేడీ’ ముద్ర

కర్నూలు, కడప పల్లెల్లో ‘వాడు కేడీ’ అంటే తిట్టు. ఈ మాటను ఊరివాళ్లు పుట్టించలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసులు తాము ఎరిగిన నేరస్తుల్ని ‘నోన్ డిప్రెడేటర్’ అని రిజిస్టర్లో రాసుకునేవాళ్లు. దాని పొడి అక్షరాలే కె.డి. స్టేషన్ బీరువాలోంచి ఆ రెండక్షరాలు బయటికొచ్చి మనుషులకు ఇంటిపేరు కన్నా గట్టిగా అతుక్కున్నాయి. రిజిస్టరు మాత్రం బయటికి రాలేదు. తన పేరు అందులో ఉందో లేదో, ఎవరు చెబితే ఎక్కిందో, ఏ ఏడు ఎక్కిందో ఆ మనిషికి చెప్పేవాళ్లు లేరు. పోనీ అతని బాగోగులు విచారించమని ప్రభుత్వం వేసే కమిషన్‌కైనా ఆ కాగితాలు దొరుకుతాయా? దొరికితే ఎప్పుడు, ఎవరి దయతో దొరుకుతాయి? ఈ వ్యాసం దాని గురించే.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్త జాతుల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. దత్తమండలాల్లో ఆ వలకు చిక్కినవాళ్లు ఎరుకలలు (సీమలో కొరచలని కూడా అంటారు), సుగాలీలు, దొమ్మరులు, ప్రభుత్వమే ‘దొంగ’ అని పేరుకు ముందు తగిలించిన దాసరులు. కొరచలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరానికీ సీమకీ మధ్య తిరిగి అమ్ముకుని బతికినవాళ్లు. రైళ్లొచ్చాక ఆ వ్యాపారం పోయింది, 1876-78 కరువు మిగిలినదాన్ని ఊడ్చేసింది. తిరిగే కులం కాబట్టి, పన్నుకీ కూలికీ దొరకని కులం కాబట్టి అది నేరస్త కులమైంది. నమోదైనవాళ్ల వేలిముద్రలు తీసుకున్నారు. పొద్దుగూకితే గ్రామ మునసబు దగ్గరికో, స్టేషన్‌కో పోయి హాజరు చెప్పుకోవాల. ఊరు దాటాలంటే చీటీ కావాల. కర్నూలు జిల్లా ఆత్మకూరు తాలూకా సిద్ధాపురంలో ప్రభుత్వమే ఒక సెటిల్మెంటు నడిపింది. ఆ ప్రాంతం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పోలీసు ‘సమాచారం’ అంటే ఏదో గూఢచారి చీకట్లో తెచ్చింది అనుకుంటాం. సీమ పల్లెల్లో ఆ సమాచారం ఇచ్చింది ఎక్కువగా మునసబు, అంటే ఊరి పెద్ద రైతు కులాల మనిషి. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల్ని తీసేసేదాకా ఎవరు మంచోడో ఎవరు చెడ్డోడో స్టేషన్‌కు చెప్పే నోరు అతనిదే. కూలి రేటు అడిగినవాడు, గడ్డివాము కాలినప్పుడు అటుగా పోయినవాడు, పెద్దింటి పక్షాన కర్ర పట్టనన్నవాడు, వీళ్లలో ఎందరు ‘అనుమానితులు’ అయ్యారో చెప్పగలిగింది ఆ కాగితాలే. అందుకే ఆ కాగితాలు మనకు చరిత్ర ఆధారాలు. నేరచరిత్ర కన్నా కులచరిత్రకు అవి ఎక్కువ పనికొస్తాయి.

1949లో కేంద్రం ఈ చట్టాన్ని పరిశీలించడానికి ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు మన చిత్తూరు సీమ మనిషి, తర్వాతి కాలంలో లోక్‌సభ స్పీకరైన అనంతశయనం అయ్యంగార్. పుట్టుకతో నేరస్తుడనే చట్టం రాజ్యాంగానికి సరిపడదని ఆ కమిటీ తేల్చింది. అది మేలే. కానీ దానికి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ప్రభుత్వాలూ పోలీసు అధికారులూ చెప్పిందే. కులాన్ని తీసేసి ‘అలవాటుపడ్డ నేరస్తుల’ చట్టం తెమ్మని సలహా కూడా ఇచ్చింది. 1952 ఆగస్టు 31న పాత చట్టం రద్దయింది. మద్రాసులో అంతకుముందే, 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం వచ్చేసింది. ఆంధ్రప్రదేశ్‌కు 1962లో సొంత చట్టం వచ్చింది. స్టేషన్లో మనుషుల వెంట హిస్టరీ షీట్లు, రౌడీ షీట్లు అట్లనే నడిచాయి. రేంకే కమిషన్ 2008లో, ఈదాటే కమిషన్ ఆ తర్వాత పదేళ్లకు నివేదికలిచ్చాయి. ఈ రెండూ ప్రభుత్వ తీర్మానాలతో వేసినవే గాని 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసినవి కావు. ఆ తేడా చిన్నదేమీ కాదు.

1952 చట్టం నాలుగో సెక్షన్ కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలిస్తుంది. సాక్షిని పిలిపించొచ్చు, పత్రం తెమ్మనొచ్చు, ఏ కోర్టు నుంచైనా ఏ ఆఫీసు నుంచైనా పబ్లిక్ రికార్డును తెప్పించుకోవచ్చు. ఎనిమిదో సెక్షన్ ప్రకారం విచారణ అందరి ముందూ జరగాలా, తలుపులు మూసి జరగాలా అనేది కమిషనే తేల్చుకుంటుంది. చదివితే బీరువా తాళంచెవి చేతికొచ్చినట్టే ఉంటుంది. అయితే సివిల్ కోర్టుకు ఏ గోడ అడ్డమో కమిషన్‌కూ అదే అడ్డం. పాత సాక్ష్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం రాజ్య వ్యవహారాలకు సంబంధించిన అప్రకటిత రికార్డును శాఖాధిపతి అనుమతి లేకుండా సాక్ష్యంగా పెట్టడానికి లేదు. 125వ సెక్షన్ ప్రకారం నేరం గురించిన సమాచారం ఎవరిచ్చారో చెప్పమని పోలీసు అధికారిని బలవంతపెట్టకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఇవే 129, 131 సెక్షన్లుగా ఉన్నాయి.

ఆ గోడ ఎంత ఎత్తన్నదాని మీద సుప్రీంకోర్టు చాలాకాలం వాదించుకుంది. 1960లో సోధీ సుఖ్‌దేవ్ సింగ్ కేసులో, రాజ్య వ్యవహారాల పత్రాన్ని కోర్టు తెరిచి చూడకూడదంది. 1975లో రాజ్ నారాయణ్ కేసులో స్వరం మారింది. ప్రధాని భద్రత నిబంధనల పుస్తకం గురించిన ఆ తగవులో, ప్రభుత్వం చేసే పని తెలుసుకునే హక్కు జనానికుందని న్యాయమూర్తులు రాశారు. 1981లో ఎస్.పి. గుప్తా కేసులో, పత్రాన్ని కోర్టే చూసి, దాచడంలో మేలెంత, బయటపెట్టడంలో మేలెంత అని తూచొచ్చని తేలింది. అంటే అధికారి ‘రహస్యం’ అన్నంత మాత్రాన అది రహస్యం కాదు. కమిషన్ కూడా ఈ దారి పట్టొచ్చు. శాఖ కార్యదర్శి నుంచి అఫిడవిట్ అడగొచ్చు, సీల్డ్ కవర్లో తెప్పించుకుని చూడొచ్చు, సమాచారమిచ్చినవాడి పేరు చెరిపేసి మిగిలింది అందరి ముందూ పెట్టొచ్చు. కాగితం మీద దారి ఉంది.

మన రాష్ట్రంలో జరిగింది చూద్దాం. ఎమర్జెన్సీ పోయాక జయప్రకాశ్ నారాయణ్ చొరవతో తార్కుండే కమిటీ వచ్చి, 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థుల్ని పోలీసులు కాల్చిచంపిన సంగతి బయటికి తీసింది. ఆ ఒత్తిడి మీద 1977లో జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్ ఏర్పడింది. ఇది 1952 చట్టం కింద, పూర్తి అధికారాలతో, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి నడిపిన కమిషన్. కన్నబిరాన్ బాధితుల తరఫున నిలబడి పోలీసు అధికారుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేశాడు. ఎన్‌కౌంటర్ కథ కుట్లు ఊడడం మొదలవగానే ప్రభుత్వం రహస్య విచారణ కావాలంది. పౌరహక్కుల పక్షం తప్పుకుంది. కమిషన్ నివేదిక లేకుండానే ముగిసింది.

దీని పక్కన శ్రీకృష్ణ కమిటీని పెట్టి చూడండి. 2010 ఫిబ్రవరిలో తెలంగాణ విషయం మీద కేంద్ర హోంశాఖ వేసిన ఆ కమిటీకి 1952 చట్టపు అధికారం ఒక్కటీ లేదు. సమన్లిచ్చే హక్కు లేదు. అయినా దానికి పోలీసు, నిఘా అధికారుల సమాచారం అందింది. కమిటీ కార్యదర్శి స్వయంగా మాజీ హోం కార్యదర్శి. ఆ సమాచారంతో శాంతిభద్రతల మీద ఎనిమిదో అధ్యాయం తయారైంది. 2011 జనవరిలో నివేదిక అచ్చయి జనంలోకొచ్చింది గాని ఆ అధ్యాయపు అసలు నోటు సీల్డ్ కవర్లో హోంశాఖకు పోయింది. మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి దాన్ని బయటపెట్టమన్నాడు. ఉద్యమాన్ని, పత్రికల్ని, నాయకుల్ని ఎట్లా ‘మేనేజ్’ చేయాలనే సలహాలు అందులో ఉన్నాయని ఆ తీర్పుతోనే లోకానికి తెలిసింది. తర్వాత డివిజన్ బెంచి ఆ తీర్పును నిలిపేసింది. కర్నూలు, కడపల్ని ఎటు కలపాలనేది కూడా ఆ నివేదిక చర్చించింది. మన భవిష్యత్తు మీద రాసిన పుస్తకంలో ఒక అధ్యాయం మనం చదవకూడనిది.

కాబట్టి అధికారం ఉన్న కమిషన్ ముందు బీరువా మూసుకుంది, అధికారం లేని కమిటీకి తెరుచుకుంది. పోలీసులు ఏం చేశారని మొదటిది అడిగింది. జనం ఏం చేస్తారోనని రెండోది అడిగింది. నా దృష్టిలో అసలు తేడా ఇదే. సెక్షన్ల తేడా దీని తర్వాతే.

అమెరికాలో కూడా సమన్ల అధికారంతోనే పని జరగలేదు. 2001 సెప్టెంబరు దాడుల మీద వేసిన కమిషన్‌కు ఆ అధికారముంది. అయినా అధ్యక్షుడికి రోజూ ఇచ్చే నిఘా సారాంశాల్ని వైట్‌హౌస్ ఇవ్వనంది. నెలల తరబడి బేరం నడిచి, కొద్దిమంది మాత్రమే చూసి, రాసుకున్నదాన్ని వైట్‌హౌస్‌కు చూపించాలన్న ఒప్పందం కుదిరింది. 2001 ఆగస్టు 6 నాటి సారాంశం 2004 ఏప్రిల్లో బయటికొచ్చిందంటే చనిపోయినవాళ్ల కుటుంబాలు వదలకుండా వెంటపడటమే ముఖ్య కారణం. అవి మధ్యతరగతి తెల్లజాతి కుటుంబాలు ఎక్కువగా ఉన్న సంఘాలు, టీవీలు వాళ్ల మాట వినేవి. ఈ సంగతి మరిచిపోతే పోలిక తప్పుదారి పడుతుంది.

1998 జులైలో కర్నూలు జిల్లా పాములపాడు మండలం వెంపెంటలో తొమ్మిదిమంది దళితుల్ని చంపేశారు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత సీమ చూసిన పెద్ద ఊచకోత అది. ప్రతి ఊచకోత తర్వాతా మనం దోషుల శిక్ష గురించి అడుగుతాం, పరిహారం గురించి అడుగుతాం. ముందురోజు దాకా స్పెషల్ బ్రాంచి వాళ్లు ఏం రాసి పంపారు, ఎవరికి పంపారు, చదివినాయన ఏం చేశాడు అని అడగడం తక్కువ. ఎస్.బి. మనిషి మీటింగుల్లో వెనక వరసలో కూచుని మన ఉపన్యాసాలు రాసుకోవడం కార్యకర్తలందరూ ఎరిగిందే. పెద్ద కులాల గుంపు కత్తులు కూడగట్టుకునేటప్పుడు ఆయన ఏం రాసుకుంటాడు? సమాచార హక్కు చట్టం 24(4) కింద మన రాష్ట్ర ప్రభుత్వం నిఘా విభాగాన్ని ఆ చట్టం నుంచి తప్పించింది. కానీ అదే సెక్షన్ మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణ ఉన్న సమాచారాన్ని తప్పించలేదు. రాష్ట్ర సమాచార కమిషన్ ఒప్పుకుంటే 45 రోజుల్లో ఇవ్వాల. ఈ సందును మనవాళ్లు ఇంకా సరిగా వాడుకోలేదు.

షీట్ల విషయానికొస్తే, 1980లో మాలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నిఘా రిజిస్టరు రహస్య పత్రమేనంది, పేరెక్కించే ముందు మనిషికి నోటీసివ్వక్కర్లేదంది. తీర్పు రాసింది తెలుగువాడు, పేదల పక్షాన మాట్లాడతాడని పేరున్న జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి. సహేతుకమైన అనుమానం లేకుండా ఎక్కించకూడదని హద్దు కూడా ఆయనే గీశాడు. అసలు తన పేరుందనే తెలియనివాడు ఆ హద్దు దాటారని ఎట్లా నిరూపిస్తాడు? 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో కోర్టు ఈ గాయాన్ని కొంత గుర్తించింది. వెనుకబడిన, దళిత, ఆదివాసీ కుటుంబాల్లో పుట్టారన్న కారణంగా అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లకెక్కుతున్నాయని, రాష్ట్రాలు తమ పద్ధతుల్ని తిరిగి చూసుకోవాలని చెప్పింది. అదే ఏడు అక్టోబరులో సుకన్యా శాంత కేసులో జైలు మాన్యువళ్లలో విముక్త జాతుల మీద ఉన్న రాతల్ని తప్పుపట్టింది.

ఇప్పుడున్న పరిస్థితిలో బీరువా తలుపు తట్టగలిగిన చెయ్యి ఎస్సీ, ఎస్టీ, బీసీ జాతీయ కమిషన్లది. రాజ్యాంగం 338, 338ఎ, 338బి అధికరణాల్లో ఎనిమిదో క్లాజు ఏ ఆఫీసు నుంచైనా పబ్లిక్ రికార్డు తెప్పించుకునే అధికారాన్ని ఈ మూడింటికీ ఇచ్చింది. తీర్మానంతో పుట్టి నివేదికతో పోయే కమిషన్లు కావివి. చిక్కెక్కడంటే, ఒకే చట్టం కింద ఒకే రిజిస్టర్లోకెక్కిన కులాల్ని తర్వాత మూడు జాబితాల్లోకి విడగొట్టారు. ఎరుకల, సుగాలి ఎస్టీలు. దొమ్మరి, దాసరి బీసీలు. వాళ్ల పక్కనే అదే స్టేషన్లో షీటున్న మాదిగ పిల్లోడు ఎస్సీ. ఆత్మకూరు స్టేషన్ రిజిస్టరును తెప్పించమని అడగాలంటే మూడు కమిషన్లకు మూడు అర్జీలు పెట్టాల. మూడింటిలోనూ స్టేషన్ పేరు, షీటు తెరిచిన సంవత్సరం, ఏటా దాన్ని సమీక్షించిన ఉత్తర్వుల నకళ్లు కావాలని స్పష్టంగా రాయాల. ఏటా సమీక్షించాలని పోలీసు స్టాండింగ్ ఆర్డర్లే చెబుతాయి గనక, ఆ ఉత్తర్వులు లేవనే జవాబొస్తే ఆ జవాబే మనకు మొదటి సాక్ష్యం.