వైన్ షాపులో వైన్ ఏదండీ? నెల్లూరు తీరంలో కల్లు, పంచ్, బ్రాందీ కథ

  ముందుగా ఒక మాట చెప్పేస్తాను. ఇది చూసి ఎవరూ కొత్తగా తాగడం మొదలుపెట్టొద్దు. తాగేవాళ్ళు మానేస్తామంటే అంతకన్నా సంతోషం లేదు. మనం ఇక్కడ చెప్పుకునేది చరిత్ర.

మా ముత్తుకూరు సెంటర్లో నిలబడి "బ్రాందీ షాపు ఎక్కడయ్యా" అని అడగండి, చెయ్యి చూపిస్తారు. "వైన్ షాపు ఎక్కడ" అని అడగండి, అదే షాపు చూపిస్తారు. లోపలికి పోయి "ద్రాక్షతో చేసిన వైన్ ఇవ్వండి" అంటే మాత్రం కౌంటర్లో అతను మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. సరేలే, బ్రాందీ అన్నా ఇమ్మంటారా, ఇస్తాడు. కానీ మన దేశంలో అమ్ముడుపోయే చౌకరకం బ్రాందీలో ఎక్కువ భాగం చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్‌తో తీసిన స్పిరిట్టే. అంటే వైన్ లేని వైన్ షాపులో, ద్రాక్ష లేని బ్రాందీ కొంటున్నామన్నమాట.

మరి ఈ పేర్లు మనకి ఎట్లా అంటుకున్నాయి? ఇవి రాకముందు ఈ తీరంలో మనవాళ్ళు తాగిందేంటి? మనకంటూ ఒక వైన్ ఉందా, లేదా? ఇదే ఈరోజు విషయం.

ముందు రోమ్ దాకా పోయి వద్దాం. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఒక పాత గుడి ఇటుకలకి తగిలింది. అక్కడ ఒక కుండ బయటపడింది. కుండ నిండా రోమన్ బంగారు నాణేలు! ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవీ, ఫాస్టినా రాణివీ. అంటే క్రీ.శ. 2వ శతాబ్దం నాటివి. అప్పటి మద్రాసు గవర్నర్ అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఆ నాణేల గురించి రాసి పంపితే కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

రోమన్ వర్తకులు బంగారంతో పాటు ఇంకోటి కూడా తెచ్చేవాళ్ళు. అదే ద్రాక్ష సారాయి. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన 'పెరిప్లస్' అనే పుస్తకంలో భారతదేశపు రేవులకి దిగే సరుకుల్లో వైన్ ఉంది. అందులో ఇటలీ వైన్‌కే గిరాకీ అని కూడా చెప్పాడు. మన తీరం వెంట దక్షిణానికి పోతే పుదుచ్చేరి పక్కన అరికమేడు వస్తుంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్విస్తే మధ్యధరా సముద్రపు వైన్ జాడీల పెంకులు దొరికాయి. యవనులు మంచి ఓడల్లో తెచ్చిన పరిమళాల మద్యం గురించి తమిళ సంగం కవులు కూడా చెప్పారు. కాబట్టి ఫారిన్ సరుకు మోజు మనకి నిన్న మొన్న వచ్చింది కాదండీ. దానికి రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉంది.

అయితే ఆ జాడీల్లోది రాజులకి, షావుకార్లకి. మామూలు జనానికి? ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం రోడ్డు పట్టుకుని పోతే ఒక పక్క రొయ్యల గుంటలు, ఎదురుగా పోర్టు క్రేన్లు, మధ్యలో ఇసుక దిబ్బల మీద తాటిచెట్లు కనిపిస్తాయి. ఆ చెట్టు మీద ఉండేదే మన వైన్.

వైన్‌కీ బ్రాందీకీ తేడా ఏంటో ఒకసారి చూద్దాం. పండురసమో చెట్టురసమో పులిస్తే వచ్చేది వైన్. దాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పడితే వచ్చేది బ్రాందీ. ఆ లెక్కన కల్లు వైన్ అవుతుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని పామ్ వైన్ అనే అంటారు. కల్లుని కాచి తీసిన సారాయి బ్రాందీకి వరసకి తమ్ముడు అవుతుంది.

కల్లు పని కష్టం చూడండి. నడుముకు మోకు, కాళ్ళకు బందం వేసుకుని గీత కార్మికుడు చెట్టెక్కుతాడు. గెల కొసని పల్చగా, గోరంత మందాన చెక్కి ముంత కడతాడు. రోజూ ఎక్కాలి, రోజూ చెక్కాలి. ఒక్కరోజు మానితే కోత ఎండిపోయి ధార తగ్గిపోతుంది. ముంతకి లోపల సున్నం పూస్తే రసం పులవదు, తియ్యగా ఉంటుంది. అదే నీరా. సున్నం లేకపోతే గాలిలో ఉండే ఈస్టు, ముంతలో మిగిలిన ఈస్టు కలిసి కొన్ని గంటల్లోనే పులియబెట్టేస్తాయి. ఆల్కహాలు 4 నుంచి 6 శాతం దాకా వస్తుంది, దాదాపు బీరంత. ఇంకో రోజు ఉంచారంటే వెనిగరే.

ఫ్రెంచి వాళ్ళు వైన్ గురించి మాట్లాడేటప్పుడు ఏ ఊరి నేల, ఏ కొండవాలు, ఏ సంవత్సరం పంట అని అడుగుతారు. కల్లు తాగే మా తాత కూడా అదే అడిగేవాడు. ఏ చెట్టు? పోతు చెట్టా, పండు చెట్టా? ఎవరు గీశారు? పొద్దున దించిందా, సాయంత్రానిదా? చలికాలం ఈతకల్లు, ఎండాకాలం తాటికల్లు. నంజుకోవడానికి వేయించిన నెత్తళ్ళు. స్టార్ హోటల్లో ఏ వైన్‌కి ఏ వంటకం అని చెప్పడానికి ఒక కోటు వేసుకున్న మనిషిని పెడతారు. మా తాత తాటాకు డొప్ప పట్టుకుని ఆ ఉద్యోగం జీతం లేకుండా చేశాడు.

ఇక తెల్లవాళ్ళు వచ్చిన కథ. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే పులికాట్‌లో దిగారు. బ్రాందీ అనే మాట వాళ్ళ భాషదే. బ్రాండెవైన్, అంటే కాల్చిన వైన్. 1626లో ఇంగ్లీషువాళ్ళు మన తీరంలోనే దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ అని కోట కట్టుకున్నారు. అప్పటికింకా మద్రాసు పుట్టలేదు. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న బీరు, వైన్ ఎండల్లో దారిలోనే చెడిపోయేవి. ఏం చేస్తారు పాపం? ఇక్కడి సారాయిలో నిమ్మరసం, చక్కెర, నీళ్ళు, సుగంధ ద్రవ్యాలు కలుపుకున్నారు. దానికి పంచ్ అని పేరు. ఐదు వస్తువులు కలుస్తాయి కాబట్టి మన 'పంచ' నుంచి ఆ పేరు వచ్చిందని చాలామంది చెప్తారు. కాదు, పీపా పేరు నుంచి వచ్చిందనే వాళ్ళూ ఉన్నారు.

ఇక్కడ సరదా సంగతి ఒకటుంది. ఇంగ్లీషు రాతల్లో పంచ్ అనే మాట మొట్టమొదట కనిపించేది 1632 నాటి ఒక ఉత్తరంలో. ఆ ఉత్తరం ఎవరికి? పెటపోలిలో ఉన్న థామస్ కాలీ అనే కంపెనీ ఉద్యోగికి. పెటపోలి అంటే ఎక్కడో కాదు, మన నిజాంపట్నం! ఈరోజు లండన్‌లో, న్యూయార్క్‌లో పార్టీల్లో గాజు గిన్నెలో పోసే పంచ్‌కి మొదటి కాగితపు సాక్ష్యం మన తెలుగు తీరం అడ్రసు మీద ఉంది. ఈ ముక్క మీ బంధువులకి చెప్పండి, నమ్మరు.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఇక్కడి నుంచి కథ మారుతుంది. కంపెనీ కాలంలోనే తాగుడు మీద పన్ను పడింది. ఆబ్కారీ అనే మాటకి పారశీకంలో నీటి పని అని అర్థం. ఆ నీటి పనిలో చాలా డబ్బుంది. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. గీసే తాటిచెట్టుకి ఇంత అని పన్ను, షాపులకి వేలంపాట. ప్రభుత్వం వైపు నుంచి ఆలోచించండి. కల్లు వేల చెట్ల మీద ఉంటుంది, సాయంత్రానికి పులిసిపోతుంది, సీసాలో ఆగదు, దూరం పోదు. దాన్ని లెక్కపెట్టడం కష్టం. సారా అయితే ఒకచోట కాస్తారు, కొలుస్తారు, సీలు వేస్తారు, ఎంత దూరమైనా పంపుతారు. ఖజానాకి ఏది ముద్దొస్తుందో మీరే చెప్పండి.

తర్వాత గాంధీగారి కాలం. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. మరుసటి ఏడు చిత్తూరు, కడప. 1948కి మద్రాసు రాష్ట్రమంతా, నెల్లూరుతో సహా. గీత కార్మికుల పని ఒక్కసారిగా నేరం అయిపోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక గౌతు లచ్చన్న గీత కార్మికుల తరఫున ఉద్యమం నడిపారు. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఆ మాట వినలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రపు మొదటి ప్రభుత్వం కల్లు ముంత తగిలి పడిపోయిందని పెద్దవాళ్ళు హాస్యానికి అంటుంటారు. కానీ ఆ ముంత వెనక వేలమంది కూలి ఉంది.

1960ల చివర్లో నిషేధం పోయింది. అప్పుడు లాభపడింది కల్లు కాదు, సారా. 1980ల్లో ప్రభుత్వమే వారుణవాహిని అనే పేరుతో సారాని ప్లాస్టిక్ పొట్లాల్లో పెట్టి అమ్మించింది. తాగే నీళ్ళు రాని ఊరికి కూడా సారా పొట్లం వచ్చేది. మా అవ్వ ఒక మాట అనేది: "కల్లు తాగిన మీ తాత పాటలు పాడేవాడు. పొట్లం తాగిన మీ చిన్నతాత ఇంట్లో బిందెలు అమ్మాడు."

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిబడిలో చదివే వాచకంలో సారా వల్ల సంసారం పాడైన ఒక సీత కథ ఉంది. కలిగిరి దగ్గర దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి ఇది మన కథే అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్ళు ముందు నిలబడి ఊళ్ళో సారా షాపు మూయించారు. తర్వాత వాళ్ళ గెలుపే ఇంకో వాచకంలో పాఠం అయింది. అది చదివి పక్క ఊళ్ళు, ఆ పక్క ఊళ్ళు కదిలాయి. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది సడలింది. సారా పొట్లం పోయిన ఖాళీలోకి ఎవరొచ్చారు? మనం మొదట్లో అడ్రసు అడిగామే, ఆ బ్రాందీ షాపు.

కాబట్టి నా మాట ఇది. రుచి కోసం తాగేది వేరు, ఖజానా కోసం తాగించేది వేరు. దూబగుంట అమ్మలు తిరగబడింది రెండోదాని మీద. కల్లు తాగి చెడిన ఇళ్ళు లేవా అంటే ఉన్నాయి. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లు ప్రాణాలు తీసిన సంగతీ మనకి తెలుసు. కల్తీది కల్లే కాదు, దాన్ని ఈ లెక్కలో కలపకండి.

ఫ్రాన్సులో కొన్యాక్ ఏ ఊళ్ళదో 1909లోనే గీత గీసి చెప్పారు. గోవా వాళ్ళు జీడిపండు ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మనం మాత్రం మొలాసిస్ స్పిరిట్‌కి బ్రాందీ అని గౌరవంగా పేరు పెట్టి, చెట్టు మీద నుంచి దిగిన అసలు సరుకుని నాటు అని తీసిపారేస్తాం. కల్లు తాగకపోయినా పర్వాలేదు. పొద్దున్నే సున్నపు ముంతలో దించిన నీరా ఒక గ్లాసు తాగండి, పిల్లలతో సహా. ఆ చెట్టెక్కిన మనిషికి బేరమాడకుండా డబ్బులివ్వండి. పడితే నడుం విరిగే పని అది.

మీ ఊళ్ళో కల్లు చెట్లకి, ముంతలకి ఏయే పేర్లున్నాయో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కృష్ణపట్నం రేవు పాత పేర్ల గురించి మాట్లాడుకుందాం.