గెట్టిస్‌బర్గ్ సెమినరీ: రెండు వందల ఏళ్లు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెట్టిస్‌బర్గ్ పట్నంలో 1826లో లూథరన్ సెమినరీ మొదలైంది. స్థాపకుడు సామ్యుయెల్ సైమన్ ష్ముకర్. ఆయన ప్రిన్స్‌టన్‌లో వేదాంతం చదివారు. లూథరన్ సంఘాలకు ఇక్కడే తర్ఫీదు పొందిన పాస్టర్లు కావాలన్నది ఆయన పట్టుదల. బెంజమిన్ కర్ట్జ్ ఐరోపా అంతా తిరిగి చందాలు, పుస్తకాలు పోగుచేసి తెచ్చారు. చార్లెస్ ఫిలిప్ క్రాత్ పాఠాలు చెప్పారు. బానిసత్వాన్ని బాహాటంగా ఖండించిన ష్ముకర్, నల్లజాతి యువకుడు డేనియల్ అలెగ్జాండర్ పెయిన్‌ను విద్యార్థిగా చేర్చుకున్నారు. పెయిన్ తర్వాత ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘంలో బిషప్ అయ్యారు.

అమెరికా అంతర్యుద్ధంలో 1863 జులై 1న సెమినరీకి పెద్ద కష్టం వచ్చింది. ఆ ఉదయం ఉత్తరాది సేనాని జాన్ బ్యూఫోర్డ్ సెమినరీ పాత భవనం గోపురమెక్కి శత్రువుల కదలికలు చూశారు. సాయంత్రానికి సెమినరీ ఉన్న గుట్ట దక్షిణాది సైన్యం వశమైంది. తరగతి గదులు, విద్యార్థుల గదులు ఆసుపత్రిగా మారాయి. ఇరుపక్షాల క్షతగాత్రులూ ఒకే కప్పు కింద పడుకున్నారు. ష్ముకర్ ఇంటిని సైనికులు దోచి, ఆయన గ్రంథాలను చిందరవందర చేశారు. సెప్టెంబరు దాకా ఆసుపత్రి అక్కడే నడిచింది.

యుద్ధం మిగిల్చిన గాయం కన్నా సిద్ధాంతభేదం తెచ్చిన గాయం ఎక్కువ కాలం నిలిచింది. 1855లో ష్ముకర్ లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలోని కొన్ని అంశాలను సవరించాలన్నారు. ఒక్క అక్షరమూ మార్చరాదని మరో వర్గం పట్టుబట్టింది. ఆయన కన్నకొడుకు బీల్ మెలంక్తన్ ష్ముకర్ కూడా ఆ రెండో వర్గం వైపే నిలిచారు. 1864లో ఆ వర్గం ఫిలడెల్ఫియాలో వేరే సెమినరీ పెట్టుకుంది. గెట్టిస్‌బర్గ్‌లో బోధిస్తున్న చార్లెస్ ఫ్రెడరిక్ షేఫర్ అక్కడికి వెళ్లిపోయారు.

ఆ చీలిక తెలుగునేల మీదా కనబడింది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరులో ప్రారంభించిన పని గెట్టిస్‌బర్గ్ పక్షానికి దక్కింది. రాజమండ్రి ఫిలడెల్ఫియా పక్షానికి వచ్చింది. 1869లో రాజమండ్రి మిషన్‌ను ఆంగ్లికన్ సొసైటీకి అప్పగించే మాట వచ్చింది. అప్పుడు డెబ్భై ఏళ్లు దాటిన హయ్యర్ మళ్లీ ఓడెక్కి వచ్చి దాన్ని నిలబెట్టారు. తిరిగివెళ్లి ఫిలడెల్ఫియా సెమినరీలో చాప్లెయిన్‌గా ఉంటూ 1873లో కన్నుమూశారు. గుంటూరు మిషన్ చరిత్రలో ఉనాంగ్‌స్ట్, హార్ప్‌స్టర్, రో, వుల్ఫ్ మిషనరీ దొరల పేర్లు తప్పక వస్తాయి. వారి పక్కన ఊరూరా నడిచి బోధించిన తెలుగు ఉపదేశుల పేర్లకు మాత్రం ఆ చరిత్రలో చోటు దక్కడం అరుదు.

తర్వాతి దశాబ్దాలు పాఠాలు, పట్టాలు, అభిషేకాలతో సాగిపోయాయి. 1970లో గెట్టిస్‌బర్గ్ పూర్వ విద్యార్థిని ఎలిజబెత్ ప్లాట్జ్ అమెరికా లూథరన్లలో అభిషేకం పొందిన తొలి మహిళ అయ్యారు.

1988లో ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఇన్ అమెరికా ఏర్పడినప్పుడు దానికి గెట్టిస్‌బర్గ్, ఫిలడెల్ఫియాలతో కలిపి ఎనిమిది సెమినరీలు, యాభై లక్షలకు పైగా సభ్యులు ఉండేవారు. ఇప్పుడు సభ్యులు ముప్ఫై లక్షల లోపే. పాస్టరును పూర్తి జీతంతో పోషించలేని చిన్న సంఘాలు పెరిగాయి. మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగిసేసరికి అభ్యర్థి మీద అప్పు పడుతోంది. ఉద్యోగం, సంసారం వదిలి హాస్టల్‌కు రాలేనివారు ఆన్‌లైన్‌లో చదువుతున్నారు. ఖాళీ గదులకూ మరమ్మతుల ఖర్చు తప్పదు. కొలంబియా పట్నంలోని దక్షిణాది సెమినరీ 2012లో, బర్క్‌లీ సెమినరీ 2014లో, ఒహాయోలోని ట్రినిటీ 2018లో లూథరన్ విశ్వవిద్యాలయాల్లో కలిశాయి. షికాగో సెమినరీ తన ప్రాంగణాన్ని అమ్మి వేరేచోటికి మారింది.

గెట్టిస్‌బర్గ్, ఫిలడెల్ఫియా 2017 జులై 1న యునైటెడ్ లూథరన్ సెమినరీగా ఒకటయ్యాయి. వాటి వెనకున్న సంఘాలు 1918లోనే కలిశాయి. సెమినరీలు కలవడానికి మరో 99 ఏళ్లు పట్టింది. విద్యార్థులూ నిధులూ నిండుగా ఉన్నప్పుడు కుదరని ఐక్యత కొరత వచ్చాక కుదిరింది.

గుంటూరు, రాజమండ్రి మిషన్ల సంఘాలు 1927లోనే ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. 1964లో రాజమండ్రిలోని లూథర్‌గిరి కళాశాల బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘాల విద్యాలయాలతో కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయింది. 1970లలో అది హైదరాబాదుకు తరలింది. అలా ఆ కళాశాల రాజమండ్రిని వీడినా, తెలుగు పాస్టర్ల శిక్షణలో ఐక్యత అమెరికాలోని మాతృసంస్థల కన్నా 53 ఏళ్లు ముందే సాధ్యమైంది.