నిమోనియా రోగి రక్తం నుంచి గుండె దాకా: సీఆర్‌పీ కథ

కొవిడ్ రోజుల్లో తెలుగు ఇళ్లలో బాగా నలిగిన మాట సీఆర్‌పీ. అది బయటపడింది మాత్రం 1930లో, న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో. యాంటీబయాటిక్స్ రాని కాలం. నిమోనియా అంటే ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సి వచ్చేది. ఆ జబ్బు తెచ్చే న్యుమోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీసిన ‘సి’ అనే చక్కెర పదార్థాన్ని విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ రోగుల రక్తరసిలో కలిపి చూశారు. జబ్బు ముదిరినప్పుడు తీసిన రసిలో మడ్డి కట్టింది, కోలుకున్నాక తీసినదానిలో కట్టలేదు. యాంటీబాడీలైతే జబ్బు తగ్గే వేళకు పెరగాలి. ఇది జబ్బుతో వచ్చి జబ్బుతోనే పోయింది. ‘సి’తో కలిసి చర్య జరిపేది కాబట్టి సి-రియాక్టివ్ ప్రోటీన్ అన్నారు.

ఈ పుట్టుకను మరవకూడదు. సీఆర్‌పీ మొదటినుంచీ ఒంట్లో ఎక్కడో రగులుతున్న వాపు ప్రక్రియకు జాడే తప్ప దానికి కారణం కాదు. గుండెజబ్బులోనూ అంతేనన్నది నా వాదన. 1997లో పాల్ రిడ్కర్ బృందం, అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న మగ డాక్టర్ల నుంచి ఏళ్ల కిందట సేకరించి దాచిన రక్తాన్ని పరీక్షించింది. సీఆర్‌పీ బాగా ఎక్కువున్న పావువంతు మందికి, బాగా తక్కువున్న పావువంతు కన్నా గుండెపోటు ముప్పు దాదాపు మూడు రెట్లు ఉంది. చిగుళ్లు వాచినా, పొగ తాగినా, పొట్ట పెరిగినా పెరిగేదాన్ని ఎలా నమ్మాలని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే లీటరుకు 1 మిల్లీగ్రాము లోపైతే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ అనే లెక్కను జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేనప్పుడే వాడాలి. 10 దాటితే కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం జన్యువుల వైపు నుంచి వచ్చింది. పుట్టుకతోనే సీఆర్‌పీని ఎక్కువగా ఉంచే జన్యువులున్నవారికి గుండెజబ్బు ఎక్కువేమీ రాలేదని 2011లో తేలింది. అంతమాత్రాన పరీక్షే దండగ అనడం తొందరపాటు. సీఆర్‌పీని తయారుచేసేది కాలేయం; తయారుచేయమనేది ఇంటర్‌ల్యూకిన్-6; దాన్ని కదిలించేది ఇంటర్‌ల్యూకిన్-1. పట్టుకోవాల్సింది ఆ పైవాటిని. స్టాటిన్ మందులు కొలెస్ట్రాల్‌నూ సీఆర్‌పీనీ రెండింటినీ తగ్గిస్తాయి గనుక మేలు దేనివల్ల అన్న చిక్కు వాటితో విడదు. 2017లో కాంటోస్ అధ్యయనం దాన్ని విడదీసింది. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2కు తగ్గని పదివేల మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్షలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనకినుమాబ్‌ను 150 మిల్లీగ్రాముల మోతాదులో ఇస్తే, చెడు కొలెస్ట్రాల్ కదలకుండానే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ఇన్‌ఫెక్షన్లతో మరణాలు కాస్త పెరిగాయి, అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌తో అలాంటి ప్రయత్నమే చేశారు. అది సీఆర్‌పీని తగ్గించలేదు, గుండెపోట్లనూ తగ్గించలేదు.