రెండు పాయలు కలిసిన కోర్టు

వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ ముందరి లఫయెట్ స్క్వేర్‌కు తూర్పు అంచున వరసగా పాతకాలపు ఇళ్లు కనిపిస్తాయి. వాటిలో ఒకదానిలో నాలుగో అధ్యక్షుడు మాడిసన్ భార్య డాలీ చివరి రోజులు గడిపింది. ఆ ఇళ్ల వెనక నుంచి ఎర్ర ఇటుకల భవనం ఒకటి తల ఎత్తి చూస్తుంటుంది. అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు అక్కడే ఉంది. పేటెంట్ల కోర్టు అని దానికి లోకంలో పేరు. ఆ పేరు సగమే నిజం. అక్కడ విచారణకొచ్చే కేసుల జాబితా తిరగేస్తే సెల్‌ఫోన్ చిప్పు మీద తగాదా పక్కనే పింఛను రాని మాజీ సైనికుడి మొర, దాని కిందే కొలువు పోయిన ప్రభుత్వోద్యోగి అప్పీలు, టీకా వికటించిన పిల్లవాడి తల్లిదండ్రుల దావా, దిగుమతి సరుకుపై సుంకం పేచీ కనిపిస్తాయి. ఇన్ని రకాల గోడులు ఒకే గుమ్మం ముందుకు ఎలా చేరాయన్నది రెండు శతాబ్దాలు దాటిన కథ.

మొదటి పాయ పేటెంట్లది. కొత్తది కనిపెట్టినవాడికి కొంతకాలం దానిపై హక్కు ఇవ్వవచ్చునని అమెరికా రాజ్యాంగమే చెప్పింది. 1790 ఏప్రిల్‌లో తొలి పేటెంట్ చట్టం వచ్చింది. దరఖాస్తులు చూసే పని విదేశాంగ మంత్రి జెఫర్సన్, యుద్ధ మంత్రి నాక్స్, అటార్నీ జనరల్ రాండాల్ఫ్‌ల మీద పడింది. ఆ ఏడాది జూలై 31న శామ్యూల్ హాప్కిన్స్ అనే ఆయనకు, పొటాష్ తయారీలో కొత్త పద్ధతికి, తొలి పేటెంట్ దక్కింది. దానిపై స్వయంగా జార్జ్ వాషింగ్టన్ సంతకం చేశాడు. దేశం నడపాల్సిన మంత్రులకు బూడిద కాగుల లెక్కలు చూసే తీరికెక్కడిది? మూడేళ్లకే పరిశీలన ఎత్తేసి, అడిగినవాడికల్లా పేటెంట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. దాని ఫలితం అనుభవించాక 1836లో నిపుణులతో పేటెంట్ కార్యాలయాన్ని నిలబెట్టి, పరిశీలనను మళ్లీ తెచ్చారు. హక్కు ఇచ్చేది ఆ కార్యాలయమే అయినా, అది చెల్లుతుందా లేదా అని తేల్చేది మాత్రం మామూలు ఫెడరల్ కోర్టులే. 1891లో ప్రాంతానికొకటిగా అప్పీళ్ల కోర్టులు ఏర్పడినప్పుడు పేటెంట్ తగాదాలూ వాటి మధ్యే చెదిరిపోయాయి. తర్వాతి తొంభై ఏళ్ల చిక్కులకు బీజం అక్కడ పడింది.

రెండో పాయ సర్కారుతో పేచీ పడ్డ సామాన్యుడిది. ప్రభుత్వం బాకీ ఎగ్గొడితే ఆ రోజుల్లో కోర్టుకెక్కే దారి లేదు. కాంగ్రెస్‌కు అర్జీ పెట్టుకుని, తన ఒక్కడి కోసం ప్రత్యేక బిల్లు పాసయ్యేదాకా పడిగాపులు కాయాలి. ఆ అర్జీల బరువు మోయలేకే 1855లో కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్‌ను పెట్టారు. మొదట్లో దాని మాట సలహా మాత్రమే. లింకన్ పట్టుపట్టాక, అంతర్యుద్ధం నడుస్తుండగానే, 1863లో దాని తీర్పులకు కట్టుబడే బలం వచ్చింది. తనతో తానే యుద్ధం చేసుకుంటున్న దేశం, తన మీద పౌరుడు వేసే దావాకు విలువ కట్టింది ఆ ఏడాదే. పేటెంట్ల చరిత్ర రాసేవారు ఈ ఘట్టాన్ని పేజీ అడుగుకు నెట్టేస్తుంటారు. నా లెక్కలో మాత్రం నేటి కోర్టు ఎముకల్లో ఉన్నది ఇదే.

మూడో పేరూ ఒకటుంది, కానీ అది మొదటి పాయలోనే కలిసింది. సుంకాల తగాదాల కోసం 1909లో కస్టమ్స్ అప్పీళ్ల కోర్టును పెట్టారు. పేటెంట్ కార్యాలయం తోసిపుచ్చిన దరఖాస్తుల అప్పీళ్లను 1929లో దానికే అప్పగించి, పేరు పొడిగించారు. రేవు సరుకు తూచే త్రాసులోనే మనిషి బుర్రలో పుట్టిన ఊహలనూ తూచడం మొదలైందన్నమాట. ఆ కోర్టుకు 1956లో ఐసెన్‌హోవర్ నియమించిన గైల్స్ రిచ్, అంతకు నాలుగేళ్ల ముందే, పేటెంట్ కార్యాలయానికి చెందిన ఫెడెరికోతో కలిసి 1952 పేటెంట్ చట్టం ముసాయిదా రాసినవాడు. మేధావి మెదడులో మెరుపు మెరిస్తేనే ఆవిష్కరణ అన్న ధోరణిలో సుప్రీంకోర్టు 1941లో మాట్లాడింది. ఏళ్ల తరబడి కూచుని పరీక్షలు చేసి సాధించినా ఆవిష్కరణేనని ఆ చట్టం తేల్చింది. తాను రాసిన చట్టానికి తానే న్యాయమూర్తిగా నలభై ఏళ్లు అర్థం చెప్పే అవకాశం ఎందరికి దక్కుతుంది? బెంగాల్‌లో పుట్టిన శాస్త్రవేత్త ఆనందమోహన్ చక్రవర్తి చమురును తినే సూక్ష్మజీవిని తయారుచేసి పేటెంట్ అడిగితే, ప్రాణమున్నంత మాత్రాన కాదనకూడదని రాసింది రిచ్చే. 1980లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి ఆ మాటనే నిలబెట్టింది. బయోటెక్నాలజీ వ్యాపారం ఊపిరి పోసుకున్నది ఆ తీర్పుతోనే.

ఇంతలో ప్రాంతీయ కోర్టుల మధ్య పొంతన పూర్తిగా చెడింది. ఒకచోట గట్టిగా నిలిచే పేటెంట్ మరోచోట చిత్తుకాగితం. పేటెంట్ ఉన్నవాడు తనకు అచ్చొచ్చిన ఊరికి, ఎదుటివాడు తనకు అనువైన ఊరికి, ఎవరు ముందు దావా వేస్తారోనని పరుగులు పెట్టేవారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జాక్సనే 1949లో, మా చేతికి ఇంకా చిక్కని పేటెంటే చెల్లే పేటెంట్ అన్న భావంతో ఎత్తిపొడిచాడు. 1970లలో హ్రుస్కా కమిషన్ అప్పీళ్ల వ్యవస్థ మొత్తాన్ని పరిశీలించింది. కార్టర్ హయాంలో పరిశ్రమలు జపాన్ పోటీకి తల్లడిల్లుతుంటే, కొత్త సరుకు కనిపెట్టేవాడికి భరోసా లేదన్న మాట బలపడింది. 1982 ఏప్రిల్ 2న కొత్త కోర్టు చట్టంపై రీగన్ సంతకం చేశాడు. అక్టోబరు 1న కోర్ట్ ఆఫ్ క్లెయిమ్స్, సుంకాల-పేటెంట్ల అప్పీళ్ల కోర్టు అనే రెండు పాత కోర్టులూ ఒకటై, పన్నెండు కుర్చీల ఫెడరల్ సర్క్యూట్ మొదలైంది. మిగతా అప్పీళ్ల కోర్టులకు భూభాగం హద్దు. దీనికి మాత్రం విషయమే హద్దు. తొలి ప్రధాన న్యాయమూర్తి హోవర్డ్ మార్కీ పేరునే ఇప్పుడా భవనానికి పెట్టారు. రెండు పాత కోర్టుల పూర్వ తీర్పులనూ శిరసావహిస్తామని తొలి తీర్పులోనే ప్రకటించారు. కాపురం కొత్తదైనా ఇద్దరు అత్తగార్ల ఆచారాలూ పాటించారన్నమాట.

కొత్త కోర్టు చేతి బరువు దేశానికి తెలిసింది పొలరాయిడ్, కొడాక్ తగాదాలో. క్లిక్కుమనగానే ఫొటో బయటికొచ్చే కెమెరాల వ్యాపారాన్ని కొడాక్ 1986లో మూసుకోవాల్సి వచ్చింది. కింది కోర్టు తీర్పును ఫెడరల్ సర్క్యూట్ నిలబెట్టింది. చివరికి 1991లో కొడాక్ చెల్లించుకున్నది 92.5 కోట్ల డాలర్లు. ఆ దెబ్బతో పేటెంట్ అన్నది కంపెనీల గోడలకు వేలాడే పటం కాదని, లెక్కల పుస్తకంలో రాసుకునే ఆస్తి అని అందరికీ తెలిసొచ్చింది.

మన వాకిట్లోకి ఈ కోర్టు వచ్చింది మందుల దారిలో. 1984లో హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం, పేటెంట్‌ను ముందుగా సవాలు చేసిన జెనెరిక్ కంపెనీకి 180 రోజుల ప్రత్యేక అమ్మకపు హక్కు దక్కే వీలు కల్పించింది. అదే ఏడాది హైదరాబాద్‌లో కల్లం అంజిరెడ్డి డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. అప్పట్లో రెండింటికీ సంబంధం లేదు. ఆ సంబంధం పదిహేడేళ్ల తర్వాత వచ్చింది. ప్రోజాక్ మందుపై ఎలీ లిల్లీ పేటెంట్ చెల్లదని ఫెడరల్ సర్క్యూట్ 2000 ఆగస్టులో చెప్పింది. ఏడాది తిరగ్గానే 2001 ఆగస్టులో డాక్టర్ రెడ్డీస్ అదే మందు జెనెరిక్ రూపమైన ఫ్లుయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల గొట్టం మాత్రలతో అమెరికా అంగళ్లకెక్కి, ఆ 180 రోజుల హక్కు అందుకున్న తొలి భారతీయ కంపెనీ అయింది. అదే గుమ్మం 2004లో చేదు తినిపించింది. రక్తపోటు మందు ఆమ్లోడిపిన్‌ను వేరే లవణంగా మార్చి అమ్మవచ్చన్న వాదన కింది కోర్టులో నెగ్గినా, ఫైజర్ అప్పీలులో వీగిపోయింది. పదేళ్లకు నాట్కో వంతు. ఫ్లూ మందు టామీఫ్లూ విషయంలో, ఒకే ఆవిష్కరణకు రెండుసార్లు గడువు పొందడం తగదన్న నాట్కో వాదనకు 2014లో ఫెడరల్ సర్క్యూట్ బలమిచ్చింది. కింది కోర్టు పేటెంట్‌దారు గిలియడ్ వైపు ఇచ్చిన తీర్పు పక్కకు పోయింది. ఓడినా గెలిచినా ఆ తీర్పులు చదవడం హైదరాబాద్ మందుల కంపెనీల్లో రోజువారీ పని అయిపోయింది.

ఈ ఏళ్లలోనే పేటెంట్ల చరిత్ర పైకోర్టుకూ ఈ కోర్టుకూ మధ్య తక్కెడలా ఊగింది. 1998లో తొంభై నాలుగేళ్ల రిచ్ వ్యాపార పద్ధతులకూ పేటెంట్ తగునని రాశాడు. మరుసటి ఏడు న్యాయమూర్తిగా కొలువులో ఉండగానే కన్నుమూశాడు. సుప్రీంకోర్టు 2006లో ఈబే కేసుతో, 2007లో కేఎస్ఆర్ కేసుతో, 2014లో ఆలిస్ కేసుతో పగ్గాలు బిగిస్తూ వచ్చింది. 2011 చట్టం పేటెంట్ కార్యాలయంలోనే సవాలు విచారించే బోర్డును పెట్టడంతో అక్కడి అప్పీళ్లు వరదలా ఇటే మళ్లాయి.

ఈ కోర్టును వెంబడించి చదివేవారికి కొన్ని విచిత్రాలు అలవాటైపోతాయి. ఏ ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుంటారో విచారణ రోజు పొద్దున గానీ తెలియదు. సాధారణంగా ఒక్కో పక్షానికి పదిహేను నిమిషాలే. ఏళ్ల తరబడి కోట్లు కుమ్మరించిన కేసుకు కొన్నిసార్లు కింది తీర్పు ఖాయమన్న ఒక్క మాటే జవాబు, కారణాలు ఉండవు. ఓడినవారి కడుపుమంట సంగతి సరే, చదివేవాడికి కూడా అది తలుపు ముఖాన వేసినట్టే ఉంటుంది. అయితే వాదనల రికార్డింగులు ఎవరైనా వినవచ్చు. మాజీ సైనికుల అప్పీళ్లు 1988 చట్టంతో ఈ గుమ్మం చేరాయి. ఆ వాదనలు విన్న రోజున కోట్ల పేటెంట్లు చిన్నబోతాయి.

2025 జూలై 31న, తొలి పేటెంట్ పుట్టిన తేదీనే, ఆ భవనంలో పూర్తి ధర్మాసనం ఓ సుంకాల కేసు విన్నది. అత్యవసర అధికారాల చట్టం పేరుతో అధ్యక్షుడు ట్రంప్ విధించిన సుంకాలు చెల్లుతాయా అన్నది ప్రశ్న. ఆగస్టు 29న ఏడుగురు చెల్లవన్నారు, నలుగురు విభేదించారు. పేటెంట్ల కోర్టుకు సుంకాలతో పనేమిటని ఆ వారం చాలామంది విస్తుపోయారు. 1909 తెలిసినవారు విస్తుపోలేదు. ఏడూ నాలుగూ పదకొండు. పన్నెండో కుర్చీ పాలీన్ న్యూమన్‌ది. యేల్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసి, 1984లో ఈ కోర్టుకు నేరుగా నియమితురాలైన తొలి న్యాయమూర్తి ఆమె. ఆమ్లోడిపిన్ తీర్పు రాసిందీ ఆమే. వైద్య పరీక్షల విషయంలో సహన్యాయమూర్తులతో వచ్చిన వివాదం వల్ల 2023లో ఆమెకు కొత్త కేసులు ఇవ్వడం ఆపేశారు. తాను ఆరోగ్యంగానే ఉన్నానంటూ 2025లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులోనూ, ఆమె తన కోర్టు మీదే వ్యాజ్యం నడిపింది.